నీళ్ళు పోశాకే సంతకం

నిచ్చెనక్క సంతకం పెట్టాలంటే ముందు నాలుగు బిందెల నీళ్ళు కావాలి. కలం సంగతి తర్వాత.

కప్పు బాగుచేయడం అయిపోయిందని జట్టులో మిగతావాళ్ళు సుత్తులూ పట్టకార్లూ సంచిలో వేసుకుంటుంటే ఆమె మాత్రం పైనే ఉండిపోయి, తాడుకు కట్టిన బిందెను లాగుతుంది. కింద ఇంటివాళ్ళు అంతకుముందు చుక్కలు పడిన చోటే కుర్చీ వేసుకుని, పొడిబట్టలతో కూర్చోవాలి. ఆమె నీళ్ళు ఒక్కసారిగా గుమ్మరించదు. ముందు తుంపర పడినట్టు చేత్తో చిలకరిస్తుంది, తర్వాత ధారగా పోస్తుంది, ఆఖరి బిందెను గాలివాన కొట్టినట్టు చూరు వైపునుంచి ఎదురు కొడుతుంది. బిందె బిందెకీ ఆగి, "ఏమైనా పడిందా?" అని పైనుంచి కేకేస్తుంది. నాలుగుసార్లు "లేదు" అని వినబడితే దిగుతుంది. ఒక్కసారి "ఏమో, పడినట్టుంది" అన్నారా, సుత్తి మళ్ళీ సంచిలోంచి బయటికొస్తుంది.

ఆమె పనిచేసేది ఒక స్వచ్ఛంద సంస్థలో. ఇల్లు కారుతున్నా బాగుచేయించుకునే తాహతు లేనివాళ్ళకి ఊరికే కప్పులు బాగుచేసిపెట్టే సంస్థ. మంచి పనే. కాకపోతే మంచి పని చేసేవాళ్ళకి తాము చేస్తున్నది మంచి పని అని రోజూ ఎవరో ఒకరు గుర్తుచేస్తూ ఉండాలి. సంస్థ కాగితాల్లో ఇళ్ళవాళ్ళని 'లబ్ధిదారులు' అని రాస్తారు. ఇల్లున్నవాళ్ళని ఇంటివాళ్ళు అనకుండా ఇంకేదో ఎందుకనాలని నిచ్చెనక్క ఒకసారి అడిగింది. అది జవాబు చెప్పాల్సిన ప్రశ్న అని ఎవరికీ తోచలేదు.

ఒక్కో ఇంటికీ 'పని ముగింపు పత్రం' అని ఒకటుంటుంది. ఇంటి నంబరు, తేదీ, మేస్త్రి సంతకం. అంతే, నీళ్ళ కోసం అందులో గడి లేదు. కాబట్టి నిచ్చెనక్క ప్రతి పత్రం అంచునా తన వంకర అక్షరాలతో "నీళ్ళు పోసి చూశాం, కారలేదు" అని రాసి, దాని కింద సంతకం పెడుతుంది. అంచుల్లో రాయొద్దని ఆఫీసు రెండుసార్లు చెప్పి పంపింది. ఆమె మూడోసారి ఇంకాస్త పెద్ద అక్షరాలతో రాసింది.

ఆమె నిచ్చెన ఎక్కడం ఎవరో ఆశీర్వదించి ఎక్కించిన వ్యవహారం కాదు. అసలు రేకుల మేస్త్రి ఆమె భర్త. ఇరవై రెండేళ్ళ క్రితం ఒక గోడౌను కప్పు మీంచి పడ్డాడు. పడింది ఇసక కుప్ప మీద. ఎముకలన్నీ ఉన్నచోటే ఉన్నాయి, ధైర్యం ఒక్కటే ఎక్కడికో జారిపోయింది. మర్నాడు పనికి వెళ్తే మూడో మెట్టు దాటలేక ఆగిపోయాడు. పైన సగం రేకులు విప్పి ఉన్నాయి, పడమట మబ్బు కమ్ముకొస్తోంది. భార్య క్యారియర్ పట్టుకుని అప్పుడే వచ్చింది. మొగుడి ముఖం చూసింది, మబ్బు చూసింది, క్యారియర్ అతని చేతిలో పెట్టి కుచ్చెళ్ళు పైకి దోపుకుంది.

"అమ్మా, దిగు. నువ్వు పడితే మా మెడకి చుట్టుకుంటుంది," అన్నాడు గోడౌను యజమాని.

"నిన్న మా ఆయన పడితే మీ మెడకేం చుట్టుకుంది? ఆ మేకుల డబ్బా ఇటివ్వండి."

కిందనుంచి భర్త చెప్తుంటే పైనుంచి ఆమె బిగించింది. వాన మొదలయ్యేసరికి రెండు రేకులు మిగిలాయి, వాటిని తడుస్తూనే బిగించింది. ఆ రోజునుంచి అతను పైకెక్కలేదు, ఆమె దిగలేదు. జనం అతన్ని 'కింది మేస్త్రి' అని వెక్కిరించారు. అతను ఆ వెక్కిరింతని బిరుదులా తీసుకుని, ఎవరైనా పేరడిగితే అదే చెప్పడం మొదలుపెట్టాడు. ఇక వాళ్ళ కాపురం కప్పు పైనా కప్పు కిందా నడిచింది కనక, పోట్లాటలతో సహా వీధి మొత్తానికీ వినబడుతూనే నడిచింది.

సుద్దముక్క ఆలోచన మాత్రం కింది మేస్త్రిదే. ఎవరైనా అర్జీ పెట్టుకుంటే ముందు అతను వెళ్ళి ఆ ఇంట్లో ఒక సుద్దముక్క ఇచ్చొస్తాడు. "వాన పడ్డప్పుడు చుక్క ఎక్కడ పడితే అక్కడ నేలమీద సున్నా చుట్టండి. బకెట్టు జరుగుతుంది, మంచం జరుగుతుంది, నేల జరగదు." ఎండలు కాశాక జట్టు వచ్చి ఆ సున్నాలు చదువుకుంటుంది. అతను రెండు గోడలనుంచీ టేపు పట్టి అడుగులు లెక్కపెట్టి కేకేస్తాడు, ఆమె పైన అంతే దూరం కొలుస్తుంది. చుక్క పడిన చోటుకి నెత్తినే చిల్లు ఉండదు. నీరు వాసాన్ని పట్టుకుని కొంతదూరం నడిచి, అలిసిపోయిన చోట దిగుతుంది. కానీ ఎక్కడ దిగిందో తెలిస్తే ఎక్కడ ఎక్కిందో నిచ్చెనక్క చెప్పగలదు. పని ముగిశాక ఆ సుద్దముక్క వెనక్కి తీసుకుని ఇంకో ఇంట్లో ఇస్తారు.

ఈ పద్ధతి మీద సంస్థ పనిచేస్తున్న పేటలో తొంభై తొమ్మిది ఇళ్ళు అయ్యాయి. నూరోది టైలరమ్మది.

టైలరమ్మ భర్త లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు. ఆమె ఒక గది, ఒక వంటిల్లు, ఒక మిషనుతో సంసారం లాగుతుంది. దగ్గర్లోని బడి పిల్లలకి తెల్లచొక్కాలు కుట్టేది ఆమే. పోయిన వానాకాలం కుట్టి మడతపెట్టిన ముప్ఫై చొక్కాల మీద కప్పులోంచి తుప్పునీళ్ళు కారాయి. తుప్పు మరక ఏ సబ్బుకీ లొంగదు. బడివాళ్ళు ఆ ఏడాదికి సర్దుకుపోయారు గానీ, ఇంకోసారి ఇలా జరిగితే వేరే చోట ఇచ్చుకుంటామని తెగేసి చెప్పారు. అందుకే ఆమె ఎవరి దగ్గరా చెయ్యి చాపని మనిషి అయినా అర్జీ పెట్టింది. అర్జీలో 'మీ దీనస్థితిని వివరించండి' అన్న గడిలో "దీనస్థితి లేదు, కప్పు కారుతోంది" అని రాసింది. అది చదివి నిచ్చెనక్క ఆమెను చూడకముందే మెచ్చుకుంది.

ఆ ఇంటికి ఒక చిక్కుంది. రేకుల కింద వేడి ఆపడానికి చెక్క పలకలు కొట్టి ఉన్నాయి. చిల్లు ఎక్కడుందో లోపల్నుంచి కనబడదు. పలకలు విప్పుదామంటే పాతకాలపువి, ముట్టుకుంటే పొడి అయ్యేలా ఉన్నాయి. నేలమీది సున్నాలే దిక్కు.

నూరో ఇల్లు కనక పండగ చేయాలని సంస్థ అనుకుంది. అధ్యక్షురాలు వస్తారు, దాతలు వస్తారు, గుమ్మానికి బ్యానరు కడతారు, టైలరమ్మ నాలుగు మాటలు మాట్లాడాలి. ఇదంతా చూసుకునేది సమన్వయకర్త. ముప్ఫై దాటని మనిషి, చురుకైనవాడు, చెడ్డవాడేం కాదు. టీ తాగేటప్పుడు కూడా ఫైలు చంకలోంచి తీయడని నిచ్చెనక్క అతనికి ఫైలుబాబు అని పేరు పెట్టింది. ఆ పేరు అతని ముందే వాడుతుంది కనక అతనికీ అలవాటైపోయింది.

పండగకి ఐదు రోజుల ముందు జట్టు పని మొదలుపెట్టింది. కింది మేస్త్రి సున్నాలు కొలిచాడు, నిచ్చెనక్క పైన గుర్తు పెట్టుకుని, అక్కడి బోల్టులు మార్చి, కొత్త రబ్బరు వాషర్లు వేసి, అతుకుల్లో తారు దట్టించింది. సరిగ్గా ముందురోజు మధ్యాహ్నానికి పని అయిపోయింది. బిందెలు పైకి వచ్చాయి. టైలరమ్మ సున్నా మీద పీట వేసుకుని కూర్చుంది.

మొదటి బిందెకి "లేదు" అంది. రెండో బిందెకి "లేదు" అంది. మూడో బిందె ధారగా పోసి నిచ్చెనక్క ఆగింది. కిందనుంచి మాట లేదు.

"ఏం టైలరమ్మా, నిద్రపోయావా?"

"లేదక్కా."

"ఏ లేదు? పడలేదా, నిద్రపోలేదా?"

"నిద్రపోలేదు." కాసేపటికి గొంతు మళ్ళీ వచ్చింది. "పడింది. నా మీద కాదు. కుర్చీ మీద."

రేపు అధ్యక్షురాలు కూర్చోవడానికి ఫైలుబాబు ఎర్రగుడ్డ పరిచి పెట్టించిన కుర్చీ అది. పీటకి మూడడుగుల దూరంలో ఉంది. కింది మేస్త్రి గుడ్డ మీద వేలు ఆనించి చూశాడు. తుప్పు రంగు చుక్క, ఇంకో చుక్క.

నిచ్చెనక్క దిగింది. నేలమీది సున్నా చూసింది. మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ చూసింది.

"ఈ సున్నా ఎప్పుడు చుట్టావు?"

టైలరమ్మ పీట మీంచి లేచి నిలబడింది.

"వానలో చుట్టిన సున్నా ఇంత తెల్లగా ఉండదు. తడినేల మీద సుద్ద పాకుతుంది. ఇది పొడినేల మీద, తీరిగ్గా చుట్టింది. చెప్పు."

"మీ అక్క తిన్నగా అడుగుతోంది కదా, చెప్పమ్మా," అన్నాడు కింది మేస్త్రి.

"చెరిపింది నేను కాదు బావగారూ," అంది టైలరమ్మ. "పదిరోజుల కింద ఆఫీసునుంచి ఫోటోలవాళ్ళు వచ్చారు. బాగుచేయకముందు ఇల్లెలా ఉందో తీయాలన్నారు. నేలంతా సున్నాలుంటే పిచ్చిగీతల్లా ఉన్నాయని కడిగేశారు. వద్దన్నా వినలేదు. మిషను ఆ గోడకి జరిపారు, మంచం ఈ గోడకి జరిపారు. తర్వాత గది మధ్యలో బకెట్టు పెట్టి, దాన్లో చెంబుడు నీళ్ళు పోసి ఫోటో తీసుకున్నారు."

"చుక్క పడని చోట బకెట్టు పెట్టారా?"

"అక్కడ వెలుతురు బాగుందట."

కింది మేస్త్రికి నవ్వు వచ్చింది. భార్య ముఖం చూసి మింగేశాడు.

"వాళ్ళు వెళ్ళాక మళ్ళీ నేనే చుట్టాను," అంది టైలరమ్మ. "చెరిగిపోయాయంటే నా పేరు వెనక్కి నెట్టేస్తారేమోనని చెప్పలేదు. మిషను పెడలుకి ఎడంపక్క, చెయ్యి చాపితే అందేంత దూరంలో పడేది. అది నాకు బాగా గుర్తు."

"మిషను పాతచోటే పెట్టావా?"

టైలరమ్మ మిషను వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కిటికీకి ఆనుకుని ఉండాల్సిన మిషను మంచం అడ్డొచ్చి మూడడుగులు ఇవతలే ఆగిపోయింది. పదిరోజులుగా అక్కడే కుడుతోంది. సున్నాలన్నీ మూడడుగులు పక్కకి నడిచాయి, వాటి వెనకే జట్టూ నడిచింది.

నిచ్చెనక్కకి కోపం ముందు తనమీదే వచ్చింది. సున్నాలు మరీ గుండ్రంగా, మరీ తెల్లగా ఉన్నాయని మొదటిరోజే కళ్ళు చెప్పాయి. తేదీ తరుముకొస్తోందని ఆమె కళ్ళ నోరు మూయించింది. ఎవరో పెట్టిన తేదీకి భయపడి తన పని తాను సరిగ్గా చూసుకోకపోవడం ఇరవై రెండేళ్ళలో అదే మొదలు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. నిచ్చెన కిటికీ వైపు జరిపించి పైకెక్కింది.

అసలు జబ్బు అక్కడ కనబడింది. ఎప్పుడో కప్పు వేసినవాడు ఐదు రేకుల వరసని తలకిందులుగా కలిపాడు. పై రేకు అంచు కింది రేకు మీదికి రావాల్సింది పోయి, దాని కిందికి దూరింది. పడిన ప్రతి చినుకునీ లోపలికి రమ్మని పిలిచే అతుకు అది. దీనికి తారు పూస్తే ఒక్క వాన ఆగుతుంది, రెండోది ఆగదు. ఐదు రేకులూ విప్పి మళ్ళీ వేయాలి. పూర్తిగా ఒక రోజు పని.

సాయంత్రం నాలుగింటికి ఫైలుబాబు వచ్చాడు. గుమ్మం మీద బ్యానరు ఎక్కడ కట్టాలో చూసుకుని, ఫైల్లోంచి పత్రం తీశాడు.

"అక్కా, ఒక్క సంతకం. రేపు మేడం చేతికి ఇది ఇవ్వాలి."

"కారుతోంది బాబూ."

"పని చేశారు కదా?"

"చేశాం. తప్పుచోట చేశాం. రేపు విప్పి వేస్తాం."

ఫైలుబాబు నెమ్మదిగా కుర్చీలో కూర్చోబోయి, తడి చూసి లేచాడు. "రేపు కార్యక్రమం అక్కా. ఎల్లుండి చేద్దాం. వారందాకా వాన లేదంటున్నారు. రేపటికి సంతకం పెట్టేయండి."

"ఎల్లుండి ఈ ఇంటికి రేకులెవరిస్తారు?"

జవాబు అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు. ఒక ఇంటికి ఒక్కసారే అన్నది సంస్థ నియమం. ముగిసిందని పత్రం మీద పడిన ఇంటికి మళ్ళీ రేకు గానీ మేకు గానీ ఇవ్వరు. నూరు కాగానే సామానంతా అవతలి పేటకి వెళ్ళిపోతుంది. ఆమె సంతకం పెడితే టైలరమ్మ ఇల్లు కాగితం మీద బాగైపోతుంది, నెత్తిమీద కారుతూనే ఉంటుంది.

"నేను మాట్లాడతాను," అన్నాడు ఫైలుబాబు. "ఎలాగో ఒకలా సర్దుతాను. నా మాట నమ్మండి."

"నిన్ను నమ్ముతాను బాబూ. నీ ఫైలుని నమ్మను. నువ్వు రేపు ఇంకో ఉద్యోగానికి పోతావు, అది బీరువాలో ఉంటుంది."

"అక్కా, ఇంతమంది మంచిమనసుతో వస్తుంటే..."

"రానీ. మనసు మంచిదైతే వాళ్ళకే మంచిది. కప్పుకి రేకు మంచిదై ఉండాలి."

అతని ముఖం ఎర్రబడింది. "సంతకం పెట్టకపోతే మీ మీద చర్య తీసుకోమంటారు. ఆ తర్వాత నేనేం చేయలేను," అని పత్రం ఫైల్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికి నడుస్తూ కింది మేస్త్రి గొణిగాడు. "మొత్తానికి ఉన్న ఒక్క పనీ ఊడగొట్టుకుంటున్నావు."

"ఊళ్ళో కప్పులు కారడం మానేశాయా?"

"కారేవాళ్ళ దగ్గర ఏముంటుందని మనకిస్తారు?"

"అయితే సంతకం పెట్టమంటావా?"

అతను సంచిని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "పెట్టమని నేనెప్పుడన్నాను? గొణుక్కునే హక్కు కూడా లేదా నాకు?"

మర్నాడు ఏడింటికల్లా నిచ్చెనక్క కప్పు మీదుంది. జట్టులో మిగిలిన ఇద్దరూ అన్నదమ్ములు. పైకెక్కొద్దని ఆఫీసునుంచి ఆ ఇద్దరికీ కబురు వచ్చింది. వాళ్ళు వచ్చి గోడపక్కన నిలబడ్డారు.

"మీరు పైకి రాకండి," అందామె. "రేపెవరైనా అడిగితే నా పేరు చెప్పండి."

"మేం పైకెక్కడ వచ్చాం?" అన్నాడు అన్న. "కిందే ఉన్నాం. నువ్వు దించిన రేకు నేలమీద పడకుండా పట్టుకుంటున్నాం, అంతే. పట్టుకోవద్దని ఎవరూ చెప్పలేదు."

తమ్ముడు మాత్రం వీధి చివరికేసి రెండుసార్లు చూసి, అప్పుడు చెయ్యి చాపాడు.

పదింటికి కార్లు వచ్చేసరికి ఐదు రేకులూ గోడకి ఆనించి ఉన్నాయి. ఎండ వాసాల మధ్యనుంచి పలకల సందుల్లోకి దిగి, గదిలో చారలు చారలుగా పడుతోంది. గుమ్మం మీద బ్యానరు, దాని పైన ఎముకలు బయటపడ్డ కప్పు, ఆ కప్పు మీద నడుముకి తాడు కట్టుకున్న ఆడమనిషి. దాతల్లో ఒకాయన ఫోటో తీయబోయి, ఏది తీయాలో తెలియక ఫోను దించేశాడు.

ఫైలుబాబు నిచ్చెన దగ్గరికి పరుగెత్తాడు. ఎప్పుడూ ఎక్కినవాడు కాదు. అయినా నాలుగు మెట్లెక్కి, ఫైలు చంకలో బిగించి, "అక్కా, దయచేసి దిగండి. పదినిమిషాలు. ఒక్క ఫోటో," అన్నాడు.

"ఎక్కినవాడివి ఎలాగూ ఎక్కావు. ఆ బోల్టుల డబ్బా అందుకుని వెళ్ళు."

అతను డబ్బా అందించాడు. ఎందుకు అందించాడో తర్వాత అతనికే తెలియలేదు.

అధ్యక్షురాలు కళ్ళజోడు సర్దుకుని పైకి చూసింది. కాలేజీలో ప్రిన్సిపాలుగా చేసి రిటైరైన మనిషి. గొంతు పెంచకుండా మాట్లాడడం ఆమెకి అలవాటు. కానీ కప్పు మీదివాళ్ళతో అలా మాట్లాడితే వినబడదు.

"ఏమ్మా, ఈ పని రేపు చేయకూడదా?"

"రేపు ఈ ఇల్లు మీ జాబితాలో ఉండదు మేడం. ఒక ఇంటికి ఒక్కసారే అని మీరే రాశారు."

"నియమం అందరికీ ఒకటే కదా. నీకోసం మార్చగలమా?"

"మార్చమని నేనడగలేదు. ముగియని పని ముగిసిందని రాయనంటున్నాను. అది మీ నియమం ప్రకారమే."

వీధిలో జనం పోగయ్యారు. ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు లేకపోతే అధ్యక్షురాలు ఏమనేదో గానీ, పదిమందిలో నవ్వు వినబడ్డాక ఏ ప్రిన్సిపాలూ వెనక్కి తగ్గదు. టైలరమ్మ వైపు తిరిగింది.

"నువ్వు చెప్పమ్మా. నీకోసమే కదా ఇంతమందిమీ వచ్చాం. నీకు ఇబ్బంది లేకపోతే సరిపోయినట్టే కదా?"

టైలరమ్మకి రాత్రి ఫైలుబాబు మనిషి వచ్చి నాలుగు మాటలు రాసిన కాగితం ఇచ్చి వెళ్ళాడు. 'నా జీవితంలో వెలుగు నింపిన' అని మొదలవుతుంది అది. ఆమె దాన్ని మడతపెట్టి మిషను సొరుగులో పడేసింది.

"ఇబ్బంది ఉందండీ," అంది. "తెల్లచొక్కాలు కుడతాను. చుక్క పడితే పోతాయి. అక్క పని అయ్యేదాకా మీరు కూర్చుంటానంటే పీటలు వేస్తాను. నీళ్ళు పోసినప్పుడు చూద్దురు గాని."

ఎవరూ కూర్చోలేదు. కాసేపు గుసగుసలయ్యాక బ్యానరు ఊడదీసి పక్కవీధిలో తొంభై తొమ్మిదో ఇంటికి పట్టుకెళ్ళారు. అక్కడ కప్పు బాగానే ఉంది, మూడువారాల కిందటే నీళ్ళు పోసి చూసిన కప్పు. నూరు అన్న అంకె వెనక ఆ ఇంటి ముసలాయన్ని నిలబెట్టి ఫోటో తీశారు. తన ఇల్లు నూరోది ఎప్పుడయిందో ఆయనకి అర్థం కాలేదు గానీ, పెద్దలు నవ్వమన్నారని నవ్వాడు. వెళ్తూ వెళ్తూ అధ్యక్షురాలు కింది మేస్త్రితో, "సోమవారం ఇద్దరూ ఆఫీసుకి రండి," అని చెప్పింది.

"పిలిచారు," అని అతను పైకి కేకేశాడు.

"విన్నాను. ఆ రెండో రేకు అందించు."

సాయంత్రం ఐదయ్యేసరికి ఐదు రేకులూ సరైన వరసలో, పైది కింది దాని మీదికి వచ్చేలా కూర్చున్నాయి. మిషను కిటికీ దగ్గరికి, దాని అసలు చోటికి జరిగింది. టైలరమ్మ ఈసారి పీట సున్నా మీద వేయలేదు. ఎర్రగుడ్డ కుర్చీ ఉన్నచోట వేసి, ఒళ్ళో ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా పరుచుకుని కూర్చుంది. పైనుంచి నాలుగు బిందెల నీళ్ళు పడ్డాయి. నాలుగుసార్లు "లేదు" అంది. ఐదోది అడగకపోయినా నిచ్చెనక్క ఇంకో బిందె పోసింది, మొదటిసారి తను చేసిన తప్పుకి. దానికీ "లేదు" అనే వచ్చింది.

వారందాకా రాదన్న వాన ఆదివారమే వచ్చింది. అరగంట సేపు ఎడాపెడా కొట్టి పోయింది.

సోమవారం ఆఫీసులో అధ్యక్షురాలి బల్లమీద ఒక టైపు చేసిన కాగితం ఉంది. 'ఇకపై కార్యాలయం చెప్పిన గడువులోగా పత్రాలపై సంతకం చేస్తాననీ, పత్రాల అంచుల్లో ఏమీ రాయననీ హామీ ఇస్తున్నాను.' కింద గీత, గీత కింద మేస్త్రి అని. ఫైలుబాబు గోడవారగా నిలబడ్డాడు.

"నీ పని మీద మాకు ఫిర్యాదు లేదు," అంది అధ్యక్షురాలు. "పద్ధతి మీదే. సంస్థ అన్నాక ఒక క్రమశిక్షణ ఉండాలి. ఇది సంతకం పెట్టు, జరిగింది మర్చిపోదాం."

నిచ్చెనక్క కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా, వేలు పెట్టుకుని, తొందర లేకుండా చదివింది. ఆమె చదవడం పూర్తికాకముందే తలుపు తోసుకుని టైలరమ్మ వచ్చింది. పిలవని మనిషి. బల్ల దగ్గరికి వచ్చి, కొంగు ముడి విప్పి, సుద్దముక్క తీసి ఆ కాగితం పక్కన పెట్టింది.

"నిన్న వాన పడింది కదండీ. దీన్ని చేత్తో పట్టుకుని వాన ఆగేదాకా కూర్చున్నాను. చుట్టడానికి ఏమీ పడలేదు. ఇచ్చిపోదామని వచ్చాను."

అధ్యక్షురాలు సుద్దముక్కని చూసింది. అదేమిటో ఆమెకి తెలియదు. తొంభై తొమ్మిది ఇళ్ళు దానితోనే అయ్యాయని ఎవరూ ఏ నివేదికలోనూ రాయలేదు. ఫైలుబాబు చెప్పబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.

నిచ్చెనక్క కాగితాన్ని బల్లమీద వెనక్కి జరిపింది. "ఇది నీళ్ళు పోసి చూసిన కాగితం కాదు మేడం. నేను పెట్టను."

"అయితే ఇక మా ఇళ్ళ మీదికి నువ్వు ఎక్కడానికి లేదు."

"ఇళ్ళు మీవి కావు. నిచ్చెన కూడా మీది కాదు, మా ఆయనది. షెడ్డు తాళం ఇప్పించండి, తీసుకుపోతాం."

కింది మేస్త్రి బల్లమీది సుద్దముక్క తీసి జేబులో వేసుకున్నాడు. ఫైలుబాబు తాళం తెచ్చాడు. షెడ్డు తలుపు తనే తెరిచాడు. నిచ్చెన ముందుకొస అతను పట్టి బయటికి లాగి, ఏదో అనాలని చూసి, "జాగ్రత్త అక్కా, ఎనిమిదో మెట్టు కాస్త వదులుగా ఉంది," అన్నాడు.

"నాలుగు మెట్లే ఎక్కావు. ఎనిమిదోది నీకెలా తెలుసు?"

"నిన్న ఆదివారం, వానకి ముందు, ఒక్కణ్ణే వచ్చి ఎక్కి చూశాను."

ఆమె అతని వైపు కొత్తగా చూసింది. కింది మేస్త్రి ఎనిమిదో మెట్టు ఊపి చూసి, "నిజమే," అన్నాడు.

భార్యాభర్తలిద్దరూ చెరో కొసా భుజాన వేసుకున్నారు. ముందు అతను, వెనక ఆమె. ఆఫీసు వాకిట్లో అవతలి పేటవాళ్ళు అర్జీలు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. లోపలి మాటలన్నీ తెరిచిన కిటికీలోంచి వాళ్ళకి వినబడ్డాయి. వరస చివరున్న ఒక ముసలావిడ దారికి అడ్డంగా వచ్చింది.

"నువ్వు పోతే మా ఇల్లెవరు చూస్తారమ్మా?"

"వీళ్ళు చూస్తారు. రేకులు వీళ్ళివే తీసుకో, ఊరికే ఇస్తారు, మొహమాటపడకు. బిగించే రోజు మాత్రం నాకు కబురు పెట్టు."

"ఎక్కనివ్వం అన్నారు కదా?"

"నీ ఇల్లు కదా. ఎవరెక్కాలో నువ్వు చెప్తావు."

"ఆ మాటా నిజమే," అంది ముసలావిడ, అంతవరకూ తట్టనట్టు.

నిచ్చెన మొయ్యడం వల్ల నిచ్చెనక్కకి చేతులు ఖాళీ లేవు. "ఏమయ్యా, సుద్దముక్క ఎక్కడ పెట్టావు?" అని ముందుకి కేకేసింది.

"జేబులో."

"ఈవిడకివ్వు."

కింది మేస్త్రి ఒంటిచేత్తో జేబు వెతికి, టైలరమ్మ ఇచ్చిన ముక్కని ముసలావిడ అరచేతిలో పెట్టాడు. దాంతో ఏం చేయాలో చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. ఇన్నాళ్ళూ అది చెప్పేది అతనే. కానీ ఈసారి వెనకనుంచి ఆమే చెప్పింది.

"వాన పడ్డప్పుడు చుక్క ఎక్కడ పడితే అక్కడ నేలమీద సున్నా చుట్టు పెద్దమ్మా. వంకరగా వచ్చినా ఫర్వాలేదు. ఆ తర్వాత మేం వచ్చేదాకా నేల కడగకు. ఎంత మంచివాళ్ళొచ్చి కడుగుతామన్నా కడగనివ్వకు."